శుక్రవారం మధ్యాహ్నం నాకాలో ఎవరున్నారు?

కిందటి వారం జగ్గయ్యపేట బస్టాండులో, జేబులో సమను పెట్టుకుని, నందిగామ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ బస్సు వచ్చింది, ఎక్కాను. కొత్తగా చదివేవారికి అంతకుముందు సంగతి కాస్త చెప్పాలి.

1948 శ్రావణమాసంలో, నైజాం మీద పోలీసు చర్యకు నెల ముందు, పాలేరు ఏటి అవతలి సుంకం నాకా మీద నైజాంతో పోరాడటానికి మన ఒడ్డున వెలసిన సరిహద్దు క్యాంపువాళ్లు తూటా వేశారు. సున్నపురాయి క్వారీల్లో బండలు పగలగొట్టే తూటాయే. నాకా కాలిపోయింది. లోపలున్న గుమాస్తా జగన్నాథరావు చనిపోయాడు. వేసినవాడు చెవిటికల్లు భవానీప్రసాద్. తొమ్మిదేళ్లు గడిచాక, ఈ యాభై ఏడులో, రాజకీయ బాధితుల కింద అతనికి అయిదెకరాల పట్టా ఇవ్వాలని దరఖాస్తు వెళ్లింది. ఇవ్వకూడదని జగన్నాథరావు భార్య దుర్గాంబ అర్జీ పెట్టింది. ఆమె ఇప్పుడు నందిగామలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది.

నేను అచ్చయ్యను. ఉప్పు, మిరపకాయల వర్తకం. ఆ ఇద్దరూ నన్నే సాక్షిగా రాశారు. నేను తమవాణ్ణేనని ఇద్దరూ అనుకున్నారు. వర్తకుడికి అంతకంటే మంచి స్థితి ఉండదని విచారణ రోజు దాకా నేనూ అనుకున్నాను.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ బాలామణి కండువా అందిస్తూ అడిగింది.

"అక్కడ ఏం చెబుతారు?"

"అడిగినదానికి జవాబు చెబుతా."

"అడగనిదానికో?"

నేను చెప్పులు తొడుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

విచారణ ట్రావెలర్స్ బంగళా హాల్లో. డిప్యూటీ కలెక్టరుగారు సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. ముందు అచ్చువేసిన ఫారం ఉంది. ఎడమ పక్క భవానీప్రసాద్, అతని ప్లీడరు వరప్రసాదరావు. కుడి పక్క దుర్గాంబ ఒక్కతే. వెనక బెంచీల మీద పాత క్యాంపు మనుషులు పది పదిహేను మంది, ఖద్దరు చొక్కాల్లో. వాళ్లలో సగం మంది నాకు ఖాతాదారులు.

భవానీప్రసాద్‌ను చూసి చాలాకాలమైంది. ముప్ఫై రెండేళ్లకే కణతలు నెరిశాయి. ఎవరి వంకా చూడటం లేదు. ఆ దరఖాస్తు కూడా తన చేత్తో పెట్టింది కాదనీ, అన్నదమ్ములు బలవంతంగా వేలిముద్ర... కాదు, చదువుకున్నవాడే కనక సంతకం పెట్టించారనీ తరవాత తెలిసింది.

ప్లీడరు లేచాడు. చేతిలో అప్పటి నైజాం పోలీసుల కాయితం, ఉర్దూలోంచి తర్జుమా చేయించింది.

"సార్, ఇందులో మావాణ్ణి టెర్రరిస్టు అని రాశారు. ఆ ఒక్క మాట పట్టుకునే ఈవిడగారు అర్జీ పెట్టారు. అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో తమరికి తెలియనిది కాదు. ఫ్రాన్సులో. గద్దె మీద కూచున్నవాళ్లే వేలమంది తలలు కోయించి, జనాన్ని భయపెట్టి ఏలారే, వాళ్ల పాలనకు పెట్టిన పేరది. అంటే మొదట ఆ పేరు ప్రభుత్వానిది! తరవాత ప్రభుత్వాలు దాన్ని తమ మీద నుంచి దులుపుకుని, ఎదురు తిరిగినవాడి నెత్తిన పెట్టాయి. బెంగాలులో తెల్లవాడు ఉరి తీసినవాళ్లందరికీ ఇదే పేరు పెట్టాడు. ఇవాళ వాళ్ల పటాలకు మన ఆఫీసుల్లో దండలు వేస్తున్నాం."

వెనక బెంచీల్లో చప్పట్లు వినపడ్డాయి. డిప్యూటీ కలెక్టరుగారు తలెత్తి చూసేసరికి ఆగిపోయాయి.

"బావుంది ప్లీడరుగారూ. ఫ్రాన్సు దూరం గానీ, కీసర దగ్గర. రేపు అక్కడి మునేటి వంతెన దగ్గర మన ప్రభుత్వం టోలుగేటు పెట్టిందనుకోండి. ఎవడో వచ్చి దాని మీద తూటా వేశాడు. లోపల గుమాస్తా పోయాడు. అప్పుడేమంటారు?"

"నేరమంటానండి. హత్య."

"దీనికీ దానికీ తేడా?"

"ఈ ప్రభుత్వం మనది సార్. ఓట్లేసి తెచ్చుకున్నాం. అది నైజాం దొరతనం. ఊళ్లు తగలబడుతుంటే ఆడా మగా పిల్లల్ని చంకనేసుకుని ఏరు దాటి మన పేటకు పరిగెత్తుకొచ్చిన రోజులవి."

"ఒప్పుకున్నాను. కానీ వేసినవాడు, ఈ ప్రభుత్వం నాది కాదంటే?"

"వాడంటే సరిపోతుందా అండి?"

"మరి ఎవరంటే సరిపోతుంది? అది చెప్పండి, రాసుకుంటాను."

ప్లీడరు గ్లాసు తీసి నీళ్లు తాగాడు. నాకు నవ్వు రావలసిన చోటే, కానీ రాలేదు. మా సరిహద్దు వర్తకులకు ఈ చిక్కు పాతదే. ఏటికి ఇవతల మన మానిక, అవతల వాళ్ల సేరు. బస్తాలో గింజలు అవే. ఏ ఒడ్డున నిలబడి కొలిచావన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది. నేను రెండు కొలతలూ ఇంట్లో ఉంచుకుని బతికినవాణ్ణి. కాకపోతే మిరపకాయల్ని కొలిచినట్టు చచ్చిన మనిషిని కొలవడం నాకు రాలేదు.

దుర్గాంబ లేచి నిలబడింది. "అయ్యా, నేనొక మాట చెప్పొచ్చా?"

"చెప్పండమ్మా."

"ఆ ఇంగ్లీషు మాట తీసేయండి. నా అర్జీలోంచి కొట్టేసినా నాకు బాధ లేదు. దేశభక్తుడనే రాసుకోండి. నా భర్త నైజాం జీతం తిన్నాడు, కాదనను. ఒక్కటే అడగండి ఆ అబ్బాయిని. లోపల మనిషి ఉన్నాడని తెలిసి వేశాడా, తెలియక వేశాడా?"

డిప్యూటీ కలెక్టరుగారు ఫారాన్ని పక్కకు జరిపాడు.

"ఈ పొద్దుట నుంచి విన్నదాంట్లో నేను రాయగలిగిన ప్రశ్న ఇదొక్కటే. నా ఉత్తర్వు కూడా దీని మీదే ఉంటుంది. ఖాళీ నాకా తగలబెట్టడం ఒకటి. మనిషిని పెట్టి తగలబెట్టడం ఇంకొకటి. ప్లీడరుగారూ, మీవాడేమంటాడు?"

"వాంగ్మూలంలో రాశాం సార్. క్యాంపుకు అందిన సమాచారం ప్రకారం శుక్రవారం మధ్యాహ్నం నాకాలో ఎవరూ ఉండరు. నాకా పెద్ద అమీనూ, జవాన్లూ అంతా నమాజుకు ఊళ్లోకి వెళతారు. అందుకే ఆ వేళ ఎంచుకున్నారు."

"సమాచారం ఎవరిచ్చారు?"

"సాక్షి ఇక్కడే ఉన్నాడు. జగ్గయ్యపేట అచ్చయ్యగారు."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. డిప్యూటీ కలెక్టరుగారు గడియారం చూసుకుని, భోజనాల తరవాత రెండున్నరకు నన్ను పిలుస్తానన్నాడు.

బంగళా వెనక వంటగది అరుగు మీద దుర్గాంబ కారియరు విప్పుకుని కూచుంది. నేను హోటలు వైపు పోబోతుంటే పిలిచింది.

"అన్నయ్యగారూ, ఇటు రండి. కూచోండి."

ఆమె నన్ను మొదటి నుంచీ అన్నయ్యగారనే పిలుస్తుంది. అరుగు చివర కూచున్నాను.

"తొమ్మిదేళ్లుగా ప్రతి ఉగాదికీ కందిపప్పు పంపుతున్నారు. చింతపండు పంపుతున్నారు."

"అదెంతమ్మా. జగన్నాథరావుగారికీ నాకూ ఉన్న స్నేహానికి..."

"స్నేహితులు ఇంటికొస్తారు. మీ పప్పు వచ్చింది గానీ మీరెప్పుడూ మా గుమ్మం తొక్కలేదు."

"వర్తకం. తీరుబడి ఉండదు."

"సరే. ఒకటి అడుగుతా. శుక్రవారాల్లో ఆయన నాకాకు అన్నం పట్టుకెళ్లేవారు. నేనే కట్టేదాన్ని. రెండు విస్తళ్లు పెట్టమనేవారు. ఎవరికండీ రెండోదంటే నవ్వేవారు. పెద్దమనిషి వస్తాడులే అనేవారు. ఆ రోజు కూడా రెండు పెట్టా. దోసకాయ పప్పు, గుమ్మడి వడియాలు. ఆ పెద్దమనిషి ఎవరు?"

ఎండ అరుగు మీదికి పాకింది. వంటగదిలో ఎవరో గిన్నెలు తోముతున్నారు. అబద్ధం ఆడటం నాకు రాక కాదు. బేరంలో పది ఆడతాను, అవతలివాడు ఇరవై ఆడతాడు, ఇద్దరం దాన్ని అబద్ధమనుకోం. కానీ ఆమె జవాబు కోసం అడగటం లేదు. జవాబు ఆమెకు తెలుసు. నేను చెబుతానా లేదా అని చూస్తోంది.

"నేనే," అన్నాను.

ఆమె తినడం ఆపలేదు. "చెప్పండి."

చెప్పాను. ఆ ఏడు నైజాంకు సరుకు పోకూడదని మన సర్కారు కట్టడి చేసింది. అవతల ఊళ్లలో ఉప్పు లేదు. జనం చప్పిడి కూడు తింటున్నారని విన్నాను. ధర మూడింతలయిందని కూడా విన్నాను. ఏది ముందు విన్నానో ఇప్పుడు చెప్పలేను. శుక్రవారం అమీను, జవాన్లు నమాజుకు పోయాక, కాపలా గుమాస్తాగా జగన్నాథరావుగారు ఒక్కరే ఉండేవారు. ఆ గంటలో నా ఉప్పు బళ్లు నాకా దాటేవి. ఆయన రూపాయి పుచ్చుకునేవాడు కాదు. మా జనం ఉప్పు తింటారు, పోనీ అనేవాడు. బళ్లు దాటాక ఇద్దరం కలిసి భోంచేసేవాళ్లం.

"అయితే శుక్రవారం నాకాలో ఆయన ఉంటారని మీకు తెలుసు."

"తెలుసు."

"మరి క్యాంపువాళ్లకు ఎవరూ ఉండరని ఎందుకు చెప్పారు?"

"ఉంటాడంటే, నీకెలా తెలుసని అడుగుతారు. ఉప్పు సంగతి బయటపడుతుంది. నైజాంకు సరుకు తోలేవాణ్ణి క్యాంపువాళ్లు బతకనిస్తారా? ఎవరూ ఉండరని చెప్పేశా. ఏ శుక్రవారం వేస్తారో ముందు నాకు చెబుతారనుకున్నా. ఆ వారం బళ్లు ఆపి, ఆయన్ని ఇంట్లో ఉండమందామనుకున్నా. మా వర్తకంలో సరుకు కదిలే ముందు కబురొస్తుందమ్మా. కబురు లేకుండా బండి కదలదు. తూటా వేసేవాళ్లు కూడా అలాగే చేస్తారనుకున్నా."

"కబురు రాలేదు."

"రాలేదు. ఆ రోజు ఎద్దు నాడా ఊడి దారిలో గంటసేపు ఆగా. ఏటి ఒడ్డుకు వచ్చేసరికి అవతల పొగ."

"అప్పుడేం చేశారు?"

ఈ ప్రశ్నకే నేను తొమ్మిదేళ్లుగా ఆమె గుమ్మం తొక్కలేదు.

"బళ్లు వెనక్కి తిప్పా."

"ఎన్ని బళ్లు?"

"మూడు."

"ఒడ్డు నుంచి నాకా ఎంత దూరం?"

"రెండు ఫర్లాంగులుండొచ్చు."

ఆమె చెయ్యి కడుక్కుంది. కారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి కమ్మీ బిగించింది.

"ఆయన వెంటనే పోలేదు అన్నయ్యగారూ. మీకు తెలుసో లేదో. దూలం కింద కాళ్లు చిక్కుకుని సాయంత్రం దాకా ఉన్నారు. మంచినీళ్లు అడిగారట. మళ్లీ ఇంకో తూటా పడుతుందేమోనని దగ్గరికెవరూ రాలేదు. నాకు కబురొచ్చి నేను వెళ్లేసరికి దీపాలు పెట్టారు."

నాకు తెలియదు. ఏరు దాటి రెండు ఫర్లాంగులు. నా బండికి వెనక ఎప్పుడూ నీళ్ల కుండ కట్టి ఉంటుంది.

"లోపల ఇదే చెప్పండి," అంది లేస్తూ. "ఇక పప్పు పంపకండి."

రెండున్నరకు ఇంకా పావుగంట ఉంది. వరండాలో నిలబడి లెక్క వేసుకున్నాను. అలవాటు పోదు. చెబితే నా పేరు పోతుంది. మిరప వర్తకుల సంఘంలో అధ్యక్షుడి కుర్చీ పోతుంది. వెనక బెంచీలవాళ్లు రేపటి నుంచి నా కొట్టు మెట్లెక్కరు. చెబితే బాగుపడేది భవానీప్రసాద్ ఒక్కడే. క్యాంపులో ఎవరికీ తెలియదు, తెలిసినవాడు దాచాడు అని తేలిపోతుంది, అయిదెకరాలూ వస్తాయి. ఆమె మొగుణ్ణి చంపినవాడికి పట్టా రావడానికి ఆమే నన్ను నోరు విప్పమంటోంది. అది తెలియనంత అమాయకురాలు కాదు ఆమె. తెలిసే అడిగింది.

లోపలికెళ్లి ప్రమాణం చేశాను. డిప్యూటీ కలెక్టరుగారు అడిగింది రెండే ప్రశ్నలు. నేను అడగనిదంతా చెప్పాను. ఉప్పు, నమాజు గంట, రెండో విస్తరి, నాడా, పొగ, వెనక్కి తిప్పిన బళ్లు.

వెనక బెంచీల్లో గుసగుస మొదలై గోలయింది.

"ఉప్పు దొంగా! మేం ప్రాణాలకు తెగించి అక్కడ పడుంటే నువ్వు నైజాంకు ఉప్పు మేపావా?"

"ఆ రోజుల్లో క్యాంపుకు బియ్యం చందా ఇచ్చాడ్రా వీడు!"

"అటూ ఇచ్చాడు, ఇటూ ఇచ్చాడు. అదే వర్తకం!"

"కూచోండి," అన్నాడు డిప్యూటీ కలెక్టరుగారు. గొంతు పెంచలేదు. గోల అణిగింది. "అచ్చయ్యగారూ, క్యాంపులో మరెవరికైనా ఈ సంగతి తెలిసే అవకాశం ఉందా?"

"లేదండి. నేను చెప్పలేదు. జగన్నాథరావుగారు చెప్పరు."

"బళ్లవాళ్లు?"

"ముగ్గురూ నా మనుషులే. నోరెత్తరు."

ప్లీడరు వరప్రసాదరావు లేచాడు. అతని మొహం వెలిగిపోతోంది. "సార్, ఇంకేం కావాలి? మా క్లయింటుకు తెలియదు. తెలిసే మార్గమే లేదు. అమ్మా, జరిగినదానికి మేమూ విచారిస్తున్నాం. తప్పంటూ ఉంటే ఈ పెద్దమనిషి నోట్లో ఉంది."

డిప్యూటీ కలెక్టరుగారు కలం తీశాడు. రాస్తూ పైకి చదివాడు. "దరఖాస్తుదారుకు, నాకాలో మనిషి ఉన్న సంగతి తెలియదని సాక్ష్యం వల్ల..."

"రాయకండి సార్."

ఆ గొంతు ఎవరిదో మొదట అర్థం కాలేదు. పొద్దుటి నుంచి అతను ఒక్క మాట మాట్లాడలేదు. భవానీప్రసాద్ లేచి నిలబడ్డాడు. ప్లీడరు అతని చొక్కా పట్టి లాగాడు.

"కూచోవయ్యా! పనైపోయింది!"

"వదలండి ప్లీడరుగారూ." అతను బల్ల దగ్గరికి నడిచాడు. "అచ్చయ్యగారు చెప్పింది నిజమే సార్. క్యాంపులో ఎవరికీ తెలియదు. నాకా గోడ దగ్గరికి చేరేదాకా నాకూ తెలియదు. కానీ..."

"ఆగు," అన్నాడు డిప్యూటీ కలెక్టరుగారు. "నువ్వు ఒడ్డున పడ్డావు. ఆ సంగతి తెలుస్తోందా? ఇక నువ్వు చెప్పేది నేను రాస్తే పట్టాతో ఆగదు. కాయితం పోలీసులకు పంపాల్సి వస్తుంది."

"పంపండి."

"ఒరే ప్రసాదూ, నోర్ముయ్!" వెనక నుంచి ఎవరో అరిచారు.

అతను తిరిగి చూడలేదు. "మా అక్కను ఇచ్చింది ఏటి అవతలే సార్. నెలకోసారి ఆ నాకా దాటేవాణ్ణి. ఆయన నన్నెరుగుదురు. ఆ రోజు నాకా వెనక గోడ దగ్గర కూచున్నా. పైన చిన్న కిటికీ ఉంది. నా కాలి కింద పెంకు విరిగిన చప్పుడు విన్నారేమో, లోపల నుంచి ఆయన పిలిచారు."

"ఏమని?"

"'ఎవరూ, ప్రసాదా? లోపలికి రా నాయనా, అన్నం వేళయింది' అన్నారు."

నాకోసం ఎదురుచూస్తూ ఆయన కిటికీలోంచి చూసి ఉంటాడు. నేను రాలేదు గనక, వచ్చినవాణ్ణి పిలిచాడు.

డిప్యూటీ కలెక్టరుగారు కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"భవానీప్రసాద్, బాగా ఆలోచించి చెప్పు. ఆయన పిలిచేసరికి తూటా వత్తి వెలిగించి ఉందా? ఇంకా వెలిగించలేదా?"

అతను దుర్గాంబ వైపు చూసి, డిప్యూటీ కలెక్టరుగారి వైపు తిరిగాడు.

"ఆవిడను కాసేపు బయటికి పంపించండి సార్. చెబుతా."

"అమ్మా..." అన్నాడు డిప్యూటీ కలెక్టరుగారు.

దుర్గాంబ లేచింది. బయటికి పోతుందనే అనుకున్నాం. ఆమె తన కుర్చీని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, సరిగ్గా అతని ఎదురుగా వేసుకుని కూచుంది.

"చెప్పు బాబూ," అంది.